బాండ్ పేపరు మీద పెద్ద బండి

నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌లో పెద్ద బండి చేతులు మారే పద్ధతి మీకు తెలిసిందే. వంద రూపాయల బాండ్ పేపరు మీద నాలుగు వాక్యాలు, ఇద్దరు సాక్షులు, కింద సంతకం పెట్టి మిగతాదంతా ఖాళీగా వదిలేసిన పేరు మార్పు ఫారాలు 29, 30, రెండు తాళంచెవులు. పైసలు లెక్కపెట్టుకుని, చాయ్ తాగి ఎవరి దారిన వారు. పసుపు యార్డుకు పోయి డబ్బు చేతికొచ్చిన రోజుల్లో, గల్ఫ్ నుంచి బావో తమ్ముడో సెలవు మీద దిగినప్పుడు ఈ బేరాలు ఎక్కువ. పాత స్కూటరును ఇలా కొన్నా తప్పే. కొత్తదైతే కోటి దాటే మెర్సిడెస్ జీఎల్ఎస్‌నో, రేంజ్ రోవర్‌నో, ల్యాండ్ క్రూజర్‌నో ఇలా కొంటే ఆ తప్పు ఖరీదు లక్షల్లో ఉంటుంది.

"సార్, ఇంజను మంచిగుంది, టైర్లు కొత్తవి, కాయితాలు క్లియర్ అంటున్నరు, తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్లకు నేను తిరిగి అడిగేది ఒకటే. ఎవరి దగ్గర తీసుకుంటున్నారు? బండి అదే, లోపం అదే, కానీ అమ్మినవాడు ఎవరన్నదాన్ని బట్టి రేపు మీరు తట్టాల్సిన తలుపు మారిపోతుంది. ఇంజను సంగతి మెకానిక్ చూసుకుంటాడు.

ముందు బాండ్ పేపరు సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, బండి వేరే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే 45 రోజుల్లో, రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరు మార్పించుకోవాలి. ఖాళీ ఫారాలు డ్రాయర్‌లో పెట్టుకుని ఏడాది పాటు తిరగడానికి చట్టంలో చోటు లేదు. "నేను అమ్మేసిన కదా, నాకేం?" అనుకునే అమ్మకందారుకు కూడా ఒక కేసు చెప్పాలి. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. కొన్నాయన ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్మారు. 2009లో ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోయింది. బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరు మాత్రం మొదటాయనదే. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ అనే ఆ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది: చట్టం దృష్టిలో యజమాని ఆర్సీలో పేరున్నాయనే, పరిహారం కట్టాల్సిందీ ఆయనే. 44వ నంబరు జాతీయ రహదారి ముప్కాల్ మీదుగానే పోతుంది. మీరు అమ్మిన బండి ఆ రోడ్డు మీద రేపు ఎవరి చేతిలో ఉంటుందో మీకేం తెలుసు?

కొన్నవాడికి దెబ్బ ఇన్సూరెన్సులో తగులుతుంది. ఎదుటివారికి జరిగే నష్టం తాలూకు బీమా అదే మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను కింద బండితో పాటు దానంతటదే కొత్త యజమానికి వస్తుంది. మీ బండికి జరిగే నష్టం తాలూకు బీమా అలా రాదు, 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టి మార్పించుకోవాలి. ఈ తేడాను సుప్రీంకోర్టు 1996లోనే కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో స్పష్టం చేసింది. అంటే పాత ఓనరు పేరు మీదున్న పాలసీతో పెర్కిట్ దగ్గర డివైడరుకు గుద్దితే, రిపేరు బిల్లు మొత్తం మీదే. ఈ తరగతి బండికి ఒక్క హెడ్‌లైటు ధర అడిగి చూడండి, నేను చెప్పనక్కర్లేదు. నో క్లెయిమ్ బోనస్ కూడా బండితో రాదు, అమ్మినాయనతోనే పోతుంది.

ఇప్పుడు అమ్మేవాడి సంగతి. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 17వ సెక్షను కింద గుర్రం ఉదాహరణలు ఉన్నాయి. గుర్రానికి రోగముందని తెలిసి వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసం కాదు. అదే కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉందనుకుంటా" అన్నప్పుడు అమ్మేవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం. నూటయాభై ఏళ్లు దాటినా సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడికి ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. ఊరికే చెప్పకపోవడం మామూలుగా మోసం కిందికి రాదు, అడిగితే అబద్ధం చెప్పడం మోసం. కాబట్టి అడగండి, నోటితో కాదు, వాట్సాప్‌లో. బండి నీళ్లలో మునిగిందా? ఇన్సూరెన్సు కంపెనీ టోటల్ లాస్ కింద సెటిల్ చేసిందా? మీటరు తిప్పారా? మీరు ఎన్నో ఓనరు? "సమాధానం రాకపోతే ఇవేవీ లేవనుకునే కొంటున్నా" అని చివర ఒక వాక్యం రాయండి. ఆ ఫోను జాగ్రత్త. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేస్తే ఆ చాటింగ్ కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది.

మునిగిన బండి అనుమానం ఊహ కాదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ సెల్లార్లలో ఎన్ని ఖరీదైన కార్లు మునిగాయో అందరం టీవీల్లో చూశాం. సీటు బెల్టును చివరిదాకా లాగండి. పైకి కనిపించే మూర శుభ్రంగానే ఉంటుంది. ఎప్పుడూ బయటికి రాని చివరి భాగంలో బురద మరక గీతలా ఉండిపోతుంది. దానికి ఫోటో తీసి, అమ్మేవాడికి పంపి, "ఇదేంటి?" అని అడగండి. జవాబు ఏదొచ్చినా మీకు మంచిదే.

"ఉన్నది ఉన్నట్టు అమ్మకం, తర్వాత ఎలాంటి బాధ్యతా లేదు" అని బాండ్ పేపరులో రాసిన వాక్యానికి చాలామంది భయపడతారు. గీతలకు, అరిగిన టైర్లకు అది పనికొస్తుంది. అడిగినదానికి అబద్ధం చెప్పి అమ్మినవాణ్ని అది కాపాడదు. మోసంతో కుదిర్చిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 19వ సెక్షను ఇస్తుంది.

అమ్మేది మీలాంటి మామూలు మనిషైతే వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయినట్టే. ఆయన వ్యాపారి కాడు. మిగిలేది సివిల్ కోర్టు, లేదా మోసం స్పష్టంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద పోలీసు ఫిర్యాదు. స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్" అంటారన్నది మీకూ తెలుసు, అందుకే వాట్సాప్ గురించి అంత చెప్పింది. బండ్ల వ్యాపారి దగ్గర కొంటే లెక్క వేరు. ఆ రకం సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్నవాడు అమ్మిన సరుకుకు కనీస నాణ్యత ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షను చెబుతుంది. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి, రిజిస్టరైన పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి అధీకృత పత్రం తీసుకోవాలి. పాత ఓనరు బండిని అప్పగించినట్టు ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, అప్పటి నుంచి డీలరే యజమాని కింద లెక్క. మీకు అమ్మేవాణ్ని ఆ పత్రం, ఆ 29సీ చూపించమనండి. నీళ్లు నమిలితే ఆయన డీలరు కాదు, కమీషన్ ఏజెంటు. ఏజెంటు మీద సేవాలోపం కింద వెళ్లొచ్చు గానీ, కమీషన్‌కు రసీదు ఇచ్చిన ఏజెంటును చూసినవారు అరుదు.

ఇక ఢిల్లీ నంబరు బండ్ల గురించి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆంక్ష పెట్టింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది, 2025లో కూడా దాని మీద ఉత్తర్వులు నడిచాయి. పదేళ్లకు దగ్గరపడిన పెద్ద డీజిల్ బండి అక్కడ చవకవుతూ రావడానికి కారణం అదే, బండిలో లోపమే ఉండాలని లేదు. కానీ ఆ చవక ఇక్కడికి వచ్చేసరికి కరిగిపోతుంది. నిజామాబాద్ పేరు మీద ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే తెలంగాణ నంబరు తీసుకోవాలి. ఆ లైఫ్ ట్యాక్స్ ఎంతో ఆర్టీఏలో లెక్క కట్టించుకున్నాకే బేరం మాట్లాడండి.

గల్ఫ్ సంగతి ఇంకా సున్నితం. దుబాయ్‌లో పాత ల్యాండ్ క్రూజర్ రేటు విని, కంటైనర్‌లో తెచ్చుకుందామనుకునేవాళ్లు మన మండలాల్లో ఉన్నారు. కుదరదు. వాడిన బండిని దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అక్కడి బండ్ల స్టీరింగు ఎడమవైపు. ఈ అడ్డు దాటడానికి దొంగదారులు వెతికినవాళ్ల సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. 2025 మేలో గచ్చిబౌలికి చెందిన ఒక కార్ల వ్యాపారిని డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్ఐ) అరెస్టు చేసింది. ఖరీదైన బండ్లను దుబాయ్, శ్రీలంకల మీదుగా విలువ తగ్గించి చూపి తెచ్చారన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ "నుమ్‌ఖోర్" పేరుతో దాడులు చేసి, భూటాన్ నుంచి అక్రమంగా వచ్చి దొంగ కాయితాలతో మన దేశంలో రిజిస్టరయ్యాయంటూ పదుల సంఖ్యలో బండ్లు పట్టుకుంది. వాటిలో కొన్నింటిని కొన్నవారి ఇళ్ల నుంచే తీసుకెళ్లారు. తర్వాత కొన్నవాడి మీద దిగుమతి సుంకం వేయడం కుదరదని 2024లో నలిన్ చోక్సీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అది ఒక పోర్షె కారు కథ. కారు దిగుమతైంది 2002లో, తీర్పు వచ్చింది 2024లో. అంత ఓపిక మీకుంటే వేరే మాట.

ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన బండి చవక అంటే, ఆర్సీ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో చూడండి. కిస్తీలు కట్టని ఓనరు ఆర్సీ ఇవ్వకపోతే ఫైనాన్స్ కంపెనీ మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను కింద తన పేరు మీద కొత్త ఆర్సీ తెచ్చుకునే వీలుంది. అది లేకుండా సీజింగ్ యార్డులో తాళం ఇచ్చేస్తానంటే ఒప్పుకోవద్దు. మామూలు బండికైనా ఆర్సీలో అప్పు సంగతి చెప్పే హైపోతికేషన్ గడి చూడాలి, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా పేరు మారదు. తెలంగాణ నంబరైతే రవాణా శాఖ సైటులో, బయటి నంబరైతే ఎంపరివాహన్‌లో చూసుకోవచ్చు. తెలంగాణ చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైటులో తేలుతాయి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడేది అమ్మినవాడికే, అయినా రుజువు లేక ఇబ్బంది పడేది మీరు. ఒక భాగం ఆర్సీలో మీ పేరు ఎక్కాకే ఇస్తానని ఒప్పందంలోనే రాయించండి. జీఎస్టీ పేరుతో మొత్తం ధర మీద 18 శాతం అడిగే డీలరుకు, పాత బండి మీద మార్జిన్ పద్ధతిలో పన్ను ఆయన లాభం మీదేనని గుర్తుచేయండి. ఇద్దరు మామూలు వ్యక్తుల మధ్య అమ్మకానికి అదీ లేదు.

డీలరు దగ్గర కొని మోసపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నిజామాబాద్ జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. డీలరు హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేసే హక్కుంది. చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్ చాలు, 20 నుంచి 50 లక్షల మధ్య ఫీజు 1000 రూపాయలు. గడువు రెండేళ్లు. పసుపు వ్యాపారం చేసే ఫర్మ్ పేరు మీద కొన్నా వెంటనే ఆశ వదులుకోకండి. డైరెక్టర్ల సొంత వాడకానికి కంపెనీ పేరు మీద కొన్న మెర్సిడెస్ వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని 2024 జులైలో డైమ్లర్ క్రైస్లర్ కేసులో సుప్రీంకోర్టు అంది. అదే బండిని కిరాయికి తిప్పితే మాత్రం కమిషన్ ముందు మీ వాదన బలహీనపడుతుంది. ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి నమోదు చేయించండి, కొందరు డీలర్లు అక్కడే దిగొస్తారు.