గంట మీద పేరు

అది కార్తీక మాసం. సోమవారం. పాలకొల్లులో ఇంకా తెల్లవారలేదు. క్షీరారామం గుడిలో గంట మోగుతోంది. ఆ మోత వీధి వీధికీ వినిపిస్తోంది.

కాలువ పక్కన ఒక చిన్న పెంకుటిల్లు. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఉంటారు. కోడలు ఏడాది నుంచి సాయంత్రం పూట చదువుల కేంద్రానికి వెళుతోంది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. సంతకం పెడుతుంది. అత్తకు మాత్రం చదువు రాదు.

పొద్దెక్కాక పాత సామాన్లు కొనే అతను వీధిలోకి వచ్చాడు.

"పాత ఇత్తడి, రాగి, కంచు కొంటామమ్మా!" అని కేకేశాడు.

పిల్లవాడి పుస్తకాలకు డబ్బు కావాలి. అత్త అటక మీద నుంచి రెండు సామాన్లు దింపించింది. ఒకటి చిల్లు పడిన ఇత్తడి బిందె. రెండోది నల్లగా మసి పట్టిన పాత పూజ గంట.

"గంట బరువు బాగానే ఉంది. కిలోకి పైనే తూగుతుంది" అన్నాడు అతను. కాటా తీశాడు.

కోడలు గంటను చేతిలోకి తీసుకుంది. అంచు దగ్గర వేలికి గరుకుగా ఏదో తగిలింది.

"అత్తయ్యా, ఒక్క నిమిషం ఆగండి. దీని మీద ఏదో రాసి ఉంది" అంది.

చింతపండు తెచ్చి తోమింది. మసి వదిలింది. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. కోడలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. అది ఒక ఆడమనిషి పేరు. పేరు పక్కన ఊరి పేరు కూడా ఉంది.

ఆ పేరు వినగానే అత్త నోట మాట రాలేదు.

"ఆవిడ మా అత్తగారే అమ్మాయ్! ఈ గంట ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుందని అనేవారు. ఇన్నేళ్లు నా చేత్తోనే తోమాను. దీని మీద ఆవిడ పేరుందని నాకు తెలీనే తెలీదు" అంది.

కొనే అతను తొందర పెట్టాడు. "తూకం వేయమంటారా అమ్మా?"

"బిందె తూకం వెయ్యి బాబూ. గంట ఇవ్వం" అంది అత్త.

బిందెకు వచ్చిన డబ్బు పుస్తకాలకు చాలలేదు. తక్కిన డబ్బు కోడలు పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. గంట మాత్రం ఇంట్లోనే ఉంది.

పేర్లు ఎందుకు చెక్కించేవారు?

ఆ సాయంత్రం కోడలు గంటను కేంద్రానికి పట్టుకెళ్లింది. అత్తను కూడా వెంట తీసుకెళ్లింది. అందరూ గంట చుట్టూ మూగారు.

"మా ఇంట్లో బిందెల మీద కూడా పేర్లుంటాయి" అంది ఒకామె.

"అవును. పెళ్లికి సారె పెట్టేటప్పుడు పేర్లు కొట్టించి ఇచ్చేవారు" అంది ఇంకొకామె.

టీచరు గారు అందుకున్నారు. "పేరు చెక్కించడం మన దగ్గర చాలా పాత అలవాటు. ద్రాక్షారామం గుడికి వెళ్లినవాళ్లు స్తంభాలు చూశారా?"

"చూశాం టీచరు గారూ. రాళ్ల మీద ఏవో గీతల్లా ఉంటాయి."

"అవి గీతలు కావు. అక్షరాలే. వాటిని శాసనాలు అంటారు. ఆ గుడిలో వందల శాసనాలు ఉన్నాయి. వెయ్యేళ్ల కిందటి నుంచి జనం ఆ గుడికి ఏమిచ్చారో వాటిలో రాసి ఉంది. భూమి ఇచ్చినవాళ్లు ఉన్నారు. దీపం పెట్టించిన వాళ్లు ఉన్నారు."

"దీపం పెట్టడానికి శాసనం ఎందుకండీ?"

"అది ఒక్క రోజు దీపం కాదు. ఎప్పుడూ ఆరకుండా వెలగాలి. అందుకు రోజూ నెయ్యి కావాలి. అందుకని గొర్రెలనో ఆవులనో గుడికి ఇచ్చేవారు. ఒక కాపరి వాటిని మేపుకుంటాడు. రోజూ ఇంత నెయ్యి అని గుడికి పోస్తాడు. ఈ ఒప్పందం మాట మీద ఉంటే రేపు ఎవరైనా కాదనవచ్చు. అందుకే రాతి మీద చెక్కించారు."

"అంటే అది కాగితం మీద రాసుకున్న పత్రం లాంటిదన్నమాట!"

"సరిగ్గా చెప్పావు. అలా దానాలిచ్చిన వాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. రాణులున్నారు. రాజోద్యోగుల భార్యలున్నారు. గుడిలో ఆటపాటలు వృత్తిగా బతికిన స్త్రీలున్నారు. వాళ్ల పేర్లు నేటికీ ఆ రాళ్ల మీద ఉన్నాయి."

ఆ అక్షరాలు ఇప్పటి తెలుగు అక్షరాల్లా ఉండవు. కాలంతో పాటు అక్షరాల రూపం మారింది. వాటిని చదవడం నేర్చుకున్న పండితులు చదివి పుస్తకాల్లో అచ్చు వేశారు.

పాలకొల్లు కథ

పాలకొల్లుకు పాత పేరు ఉపమన్యుపురం. ఉపమన్యుడు అనే పిల్లవాడు పాల కోసం ఏడ్చాడని, శివుడు కరుణించి పాలు ఇచ్చాడని కథ చెబుతారు. పాల కొలను అన్న మాటే పాలకొల్లు అయిందంటారు. క్షీరం అంటే పాలు. అందుకే గుడి పేరు క్షీరారామం. గుడి గోపురానికి తొమ్మిది అంతస్తులు. ఎత్తు సుమారు 120 అడుగులు. ఊరికి ఎటు నుంచి వచ్చినా ముందు గోపురమే కనిపిస్తుంది.

ఇది కథ. ఇక చరిత్ర ఉంది. 1600 తర్వాత డచ్చి దేశం వర్తకులు ఓడల మీద ఈ ప్రాంతానికి వచ్చారు. ఇక్కడి నేత బట్టలు కొని విదేశాలకు పంపేవారు. అందుకోసం పాలకొల్లులో కోఠీ పెట్టారు. ఇక్కడే చనిపోయిన వాళ్లకు సమాధులు కట్టారు. వాటి మీద కూడా పేర్లూ, సంవత్సరాలూ చెక్కారు. ఆ నేత బట్టకు నూలు వడికినవాళ్లు మన ఊళ్ల ఆడవాళ్లే. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా చెక్కలేదు.

ఈ మాట విని కేంద్రంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అయిదు గుళ్లు, అయిదు గంటలు

క్షీరారామం పంచారామాల్లో ఒకటి. పంచ అంటే అయిదు. మిగిలినవి ద్రాక్షారామం, సామర్లకోటలోని కుమారారామం, భీమవరం గునుపూడిలోని సోమారామం, అమరావతిలోని అమరారామం. అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. తక్కిన నాలుగూ గోదావరి సీమలోనివే.

కార్తీక మాసంలో ఈ అయిదు గుళ్లూ చూడడానికి జనం బయలుదేరుతారు. ఆర్టీసీ వాళ్లు ప్రత్యేక బస్సులు వేస్తారు. తెల్లవారుజామున ఒక గుడిలో గంట కొట్టినవాళ్లు రాత్రికి అయిదో గుడిలో గంట కొడతారు. దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. పక్కనే ఉన్న శాసనాన్ని ఎవరో కొందరే చూస్తారు.

"ఈసారి వెళితే శాసనాలు కూడా చూడండి. కానీ చేత్తో రుద్దకండి. పసుపు, కుంకుమ పూయకండి. వాటి మీద కొబ్బరికాయ కొట్టకండి. సున్నం వేస్తుంటే వద్దని చెప్పండి. అక్షరం పూడుకుపోతే అందులో ఉన్న మనిషి పేరు కూడా పోతుంది" అన్నారు టీచరు గారు.

గంట ఎందుకు మోగుతుంది?

గంటను కంచుతో పోత పోస్తారు. నాలుగు పాళ్ల రాగిలో సుమారు ఒక పాలు తగరం కలిపి కరిగిస్తారు. అదే కంచు. లోపల వేలాడే దాన్ని గంట నాలుక అంటారు. నాలుక అంచుకు తగలగానే గంట అంతా సన్నగా అదురుతుంది. ఆ అదురే గాలిలో మోతగా మన చెవికి చేరుతుంది. మోగే గంటను చేత్తో పట్టుకుంటే అదురు ఆగుతుంది. మోత కూడా ఆగుతుంది. గంటకు బీట పడితే మోత బొంగురుపోతుంది.

గంట అంటే గుడి ఒక్కటే కాదు. ఆదివారం చర్చిలో గంట మోగుతుంది. బడిలో గంట కొడితే పిల్లలు పరుగెత్తుతారు. ఎద్దుల మెడలో గంటలు కడతారు. చీకట్లో బండి వస్తోందని అవి చెబుతాయి.

ఇంగ్లాండు దేశంలో పాత చర్చిల గోపురాల్లో ఆరేసి, ఎనిమిదేసి గంటలుంటాయి. ఒక్కొక్క గంటకు ఒక తాడు. ఒక్కొక్క తాడుకు ఒక మనిషి. వరస మార్చి మార్చి మోగిస్తారు. పూర్వం ఈ పని ఎక్కువగా మగవాళ్లదే. 1912లో అక్కడి ఆడవాళ్లు గంటలు మోగించడానికి తమ సంఘం పెట్టుకున్నారు. ఆ దేశంలో 1994 నుంచి ఏటా సెప్టెంబరులో కొన్ని రోజులు పాత కట్టడాలు అందరికీ ఉచితంగా చూపిస్తారు. చాలా చోట్ల గంటల గోపురం కూడా ఎక్కి చూడవచ్చు.

మ్యూజియం అంటే ఏమిటి?

పాత వస్తువులను భద్రపరిచి అందరికీ చూపించే చోటును మ్యూజియం అంటారు. అక్కడ ప్రతి వస్తువు పక్కన ఒక చీటీ ఉంటుంది. అది ఏమిటో, ఎక్కడ దొరికిందో, ఏ కాలానిదో అందులో రాసి ఉంటుంది. చదువు రానివాళ్లకు అది ఒక రాయి. చదువు వచ్చినవాళ్లకు అది ఒక కథ.

రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. 1922లో ఆ ఊళ్లో కొందరు పెద్దలు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు. పాత శిల్పాలు, నాణేలు, శాసనాలు సేకరించారు. వాళ్లలో రాళ్లబండి సుబ్బారావు గారు ఒకరు. 1967లో అది ప్రభుత్వ మ్యూజియం అయింది.

పక్కనే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. గోదావరి మీద ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ పని ఎలా జరిగిందో అక్కడ చూడవచ్చు. పాలకొల్లు కాలువలో పారే నీరు గోదావరి నుంచి వచ్చేదే. కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం ఉంది. అక్కడ తాటాకు పుస్తకాలు ఉన్నాయి.

మే 18న ప్రపంచమంతటా మ్యూజియం దినం జరుపుతారు. మన దేశంలో ఏటా నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారం జరుపుతారు.

చట్టం ఏమంటుంది?

పొలం దున్నేటప్పుడో, పునాది తీసేటప్పుడో నాణేలు, విగ్రహాలు దొరికితే దాచుకోకూడదు. అధికారులకు చెప్పాలి. 1878 నుంచి దీనికి చట్టం ఉంది. వందేళ్లు దాటిన పురాతన వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఇది 1972 చట్టం. ఇంట్లో వాడుకునే గంటను, బిందెను ఎవరూ పట్టుకుపోరు. దాన్ని ఉంచాలో అమ్మాలో ఇంటివాళ్లే ఆలోచించుకోవాలి. అమ్మే ముందు ఒకసారి తోమి చదవాలి.

అరుగు మీద మ్యూజియం

మరుసటి వారం కేంద్రం అరుగు మీద ఒక దుప్పటి పరిచారు. ఎవరి ఇంట్లో ఉన్న పాత వస్తువు వాళ్లు తెచ్చారు. రోకలి, కవ్వం, రాట్నం, కొలత మానిక, ఆకు చెక్క, పాత ఉత్తరం. ప్రతి వస్తువు పక్కన ఒక చీటీ పెట్టారు. ఏమిటి? ఎవరిది? ఏ ఊరి నుంచి వచ్చింది? దేనికి వాడేవారు? చీటీలన్నీ ఆడవాళ్లే రాశారు. కొన్ని అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయినా చదవడానికి వచ్చాయి.

పూజ గంట పక్కన కూడా చీటీ పెట్టింది కోడలు. అత్త ఆ చీటీ వంక చూసింది.

"ఇందులో మా అత్తగారి పేరుందిగా. ఇన్నేళ్లు దీన్ని తోమి కాపాడింది నేను. నా పేరేది?" అంది.

అందరూ నవ్వారు. కోడలు కలం తీసింది.

"ఉండు. నువ్వు రాయొద్దు. ఎలా రాయాలో చూపించు. నేనే రాస్తాను" అంది అత్త.

కోడలు చెయ్యి పట్టి రాయించింది. పేరు పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక అత్త గంట తీసి ఒక్కసారి మోగించింది.

కొత్త మాటలు

శాసనం: రాతి మీద, రాగి రేకు మీద చెక్కించిన రాత.
కోఠీ: వర్తకులు సరుకు కొని నిలవ చేసే పెద్ద ఇల్లు.
తగరం: రాగిలో కలిపే తెల్లని లోహం.
వారసత్వం: పెద్దల నుంచి మనకు వచ్చినది.

ప్రశ్నలు

1. కోడలు గంట అమ్మవద్దని ఎందుకు ఆపింది?
2. ఆరని దీపానికి నెయ్యి ఎలా వచ్చేది?
3. పంచారామాల పేర్లు రాయండి.
4. కంచులో ఏ లోహాలు ఉంటాయి?
5. నూలు వడికిన ఆడవాళ్ల పేర్లు ఎందుకు మిగల్లేదు? మీలో మీరు మాట్లాడుకోండి.

చేయండి

మీ ఇంట్లో పాత బిందెలు, చెంబులు, గంటలు తోమి చూడండి. పేరు కనిపిస్తే నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పేరు గల మనిషి గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి. కింద మీ పేరు, తేదీ వేయండి.