పెంపుడు చిలుకల పాదాలు

ముంబయి నగరంలో కామాఠిపుర ఒక పేట. తెలంగాణ ప్రాంతం నుండి కట్టడం పనులకు, కూలి పనులకు వలస వచ్చిన తెలుగువారిని ఇక్కడ కామాఠీలు అనేవారు. వారు స్థిరపడిన చోటు కనుక ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఇక్కడి చాళ్లలో ఇళ్లు చిన్నవి. ఒక్క గదిలోనే వంట, పడక, చదువు. కుక్కను పెంచడానికి చోటు చాలదు. పిల్లలు మారాం చేస్తే పెద్దలు గ్యాలరీలో ఒక పంజరం వేలాడదీస్తారు.

అయితే ఆ పంజరంలో రామచిలుక ఉండకూడదు. మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దుకాణాలలో 'లవ్ బర్డ్స్' అని అమ్మే చిన్న పిట్టలు చాలావరకు బజరీగార్లు. ఇవి ఆస్ట్రేలియాకు చెందిన చిలుక జాతి. తరతరాలుగా పంజరాలలోనే పుట్టి పెరుగుతున్నాయి.

చిలుక పాదం విచిత్రమైనది. కాకికి మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనుకకు ఉంటాయి. చిలుకకు రెండు ముందుకు, రెండు వెనుకకు ఉంటాయి. అందువల్లనే అది కొమ్మను గట్టిగా పట్టుకోగలదు. చిలుక నిద్రలో కూడా నిలబడే ఉంటుంది. అడవిలో అది సన్నని రెమ్మ మీద, లావు కొమ్మ మీద, గరుకు బెరడు మీద మారి మారి వాలుతుంది. కాబట్టి అరికాలిలో ఒకేచోట ఒత్తిడి పడదు.

పంజరంలో సంగతి వేరు. దుకాణం వారిచ్చే ప్లాస్టిక్ కర్రలు నున్నగా, ఒకే లావున ఉంటాయి. రోజంతా గట్టి నేల మీద ఒకేచోట నిలబడి పనిచేసే వారికి కాళ్లు ఎలా పీకుతాయో కామాఠిపుర పెద్దలకు చెప్పనక్కరలేదు. పిట్టకూ అంతే. మొదట అరికాలు ఎర్రబడుతుంది. చర్మం మీది గరుకు పోయి నున్నగా మెరుస్తుంది. తరువాత పుండు పడుతుంది. అందులో సూక్ష్మజీవులు చేరితే పాదం వాస్తుంది. ముదిరితే చీము ఎముక దాకా పోతుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. పంజరంలో రెండు మూడు రకాల లావు గల సహజమైన కొమ్మలు అమర్చాలి. పిట్ట వేళ్లు కొమ్మ చుట్టూ ముప్పాతిక వంతు చుట్టుకోవాలి. వేళ్ల కొనలు ఒకదానినొకటి తాకితే కొమ్మ మరీ సన్నం. పాదం పరచుకుపోతే మరీ లావు. జామ, వేప కొమ్మలు మంచివి. గన్నేరు విషం, దానిని తేరాదు. మందు చల్లిన చెట్టు కొమ్మ కూడా పనికిరాదు. వానాకాలానికి ముందు నగరపాలిక వారు రోడ్డు పక్క చెట్లను కత్తిరిస్తారు. అప్పుడు వేపకొమ్మ దొరికితే దుమ్ము పోయేలా రుద్ది, వేడినీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాలి.

గరుకు కాగితం చుట్టిన కర్ర గోళ్లను అరగదీస్తుందని కొందరు అనుకుంటారు. నిజానికి అది అరికాలినే గీస్తుంది. తిండిగిన్నె, నీళ్లగిన్నెలకు పైన కొమ్మ పెట్టకూడదు. రెట్ట వాటిలో పడుతుంది. ముంబయి వానల్లో కొమ్మలకు బూజు పట్టకుండా తరచు మార్చాలి.

తిండి కూడా ముఖ్యమే. ఎప్పుడూ కొర్రలే పెడితే పిట్టకు 'ఎ' విటమిన్ చాలదు. చర్మం బలహీనపడి పుండ్లు త్వరగా పడతాయి. తోటకూర, కొత్తిమీర, క్యారెట్ తురుము రోజూ కొద్దిగా పెట్టాలి.

వారానికొకసారి పిట్ట అరికాళ్లను చూడాలి. ఒంటికాలి మీద కునుకు తీయడం దాని అలవాటు. అది జబ్బు కాదు. మేలుకొని ఉన్నప్పుడు కూడా ఒకే కాలు ఎత్తి ఉంచితే అనుమానించాలి. మనుషుల మలాములు పూయరాదు. అవి ఈకలకు అంటుతాయి, పిట్ట ముక్కుతో నాకి మింగుతుంది. పరేల్‌లో బాయి సకర్‌బాయి దిన్షా పెటిట్ జంతు వైద్యశాల ఉంది. అటువంటి చోట వైద్యునికి చూపించాలి.

ఎగిరే పక్షిని మనం పంజరంలో ఉంచాము. కొమ్మను ఎంచుకునే అవకాశం దానికి లేదు. ఆ ఎంపిక మనమే చేయాలి. నొప్పి ఉందని పిట్ట నోరు తెరిచి చెప్పలేదు. దాని పాదాలు చెబుతాయి, చూసేవారు ఉండాలి.

అభ్యాసం

1. కామాఠిపురకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. కాకి పాదానికి, చిలుక పాదానికి తేడా ఏమిటి?
3. ఒకే లావు కర్ర వల్ల పిట్టకు కలిగే హాని ఏమిటి?
4. మీ ఇంటి దగ్గరి చెట్లలో ఏ కొమ్మలు పంజరానికి పనికివస్తాయో పెద్దలను అడిగి రాయండి.