ఆటల పోటీల్లో బడి సైజు లెక్కా, వయసు లెక్కా?



అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో ఉన్న మన బంధువులు ఫోన్లో మాట్లాడుతూ "మా వాడి స్కూలు 5ఏ" అంటుంటారు. అది ర్యాంకు కాదు, గ్రేడు కూడా కాదు. ఆ స్కూల్లో ఎంతమంది పిల్లలు చదువుతున్నారో చెప్పే గుర్తు. ఈ నెల పాఠం దాని గురించే. చివర్లో పిల్లలతో చేయించడానికి చిన్న లెక్కలు కూడా ఇచ్చాం.

టెక్సాస్ పద్ధతి

అక్కడ ప్రభుత్వ హైస్కూళ్ళ పోటీలను యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ నడుపుతుంది. 9 నుంచి 12వ తరగతి వరకు ఉన్న పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్ళను 1ఏ నుంచి 6ఏ వరకు ఆరు విభాగాలు చేస్తుంది. సుమారు 105 కన్నా తక్కువ ఉంటే 1ఏ, సుమారు 2,200 దాటితే 6ఏ. రెండేళ్ళకోసారి కొత్త సంఖ్యలతో ఈ విభాగాలను మళ్ళీ సరిచేస్తారు.

ఎందుకిలా? వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టుకుని పరుగెత్తే ఆట, ఒకరినొకరు బలంగా ఢీకొట్టే ఆట. రెండు వేల మందిలోంచి ఏరిన 11 మందిని, వంద మందిలోంచి తీసిన 11 మందితో ఆడిస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. దెబ్బలు కూడా చిన్న స్కూలు పిల్లలకే ఎక్కువ తగులుతాయి. టెక్సాస్ 1ఏ స్కూళ్ళు చాలావరకు 11 మందితో కాకుండా, ఆరుగురితోనే ఆడతాయి. ఈ ఆరుగురి ఆట 1934లో నెబ్రాస్కా రాష్ట్రంలో, చిన్న బడుల కోసమే పుట్టింది.

మన పద్ధతి

మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954 నుంచి పనిచేస్తోంది. ఇక్కడ బడి సైజు చూడరు, వయసు చూస్తారు. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలుంటాయి. మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ పైకి వెళ్ళేకొద్దీ ఆటగాళ్ళను విడివిడిగా ఎంపిక చేసి జట్టు కడతారు. కాబట్టి గొలుగొండ మండలంలోని చిన్న బడి అమ్మాయి, నర్సీపట్నంలోని పెద్ద స్కూలు అమ్మాయి ఒకే అనకాపల్లి జిల్లా జట్టులో ఆడవచ్చు.

బడి జట్టుగానే వెళ్ళే పోటీ సుబ్రతో కప్ ఫుట్‌బాల్. భారత వైమానిక దళ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరుతో 1960లో మొదలైంది. అందులోనూ విభాగాలు వయసును బట్టే. మిజోరం, మణిపూర్ లాంటి చిన్న రాష్ట్రాల బడులు అక్కడ పెద్ద నగరాల స్కూళ్ళకు గట్టి పోటీ ఇస్తుంటాయి.

అయితే మన దగ్గర పిల్లల సంఖ్యకు విలువే లేదా? ఉంది, కానీ వేరే చోట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8వ తరగతి వరకు ఉన్న బడిలో పిల్లలు 100 దాటితేనే ఆటలు నేర్పే పార్ట్‌టైమ్ బోధకుడు తప్పనిసరి. అంటే అక్కడ సంఖ్య ఏ విభాగంలో ఆడాలో చెబుతుంది. ఇక్కడ ఆట నేర్పే మనిషి ఉంటాడా లేదా అన్నది చెబుతుంది. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే వచ్చే మన్యం గూడేల్లో, రోజూ కొండలెక్కి దిగే పిల్లల కాళ్ళలో బలం ఉంటుంది. కానీ వంద నిండని బడిలో ఆ బలాన్ని ఆటగా మార్చే పి.ఇ.టి. సార్ ఉండాలని నియమం లేదు.

పెద్ద స్కూల్లో మరో ఇబ్బంది

పెద్ద స్కూల్లో పి.ఇ.టి. ఉంటారు, కిట్టు ఉంటుంది. కానీ మన బాబుకు, పాపకు బంతి అందుతుందా? ఒక ఉదాహరణ లెక్క చూడండి. 80 మంది ఉన్న బడిలో 16 మందితో స్కూలు టీమ్ కడితే 20 శాతం పిల్లలకు చోటు దొరుకుతుంది. 1,600 మంది ఉన్న స్కూల్లోనూ టీమ్ ఒక్కటే, చోటు 1 శాతానికే. మిగతా 99 శాతం చప్పట్లు కొట్టేవాళ్ళే.

దీనికి దారి కూడా లెక్కలోనే ఉంది. 1,600 మందిని 40 సెక్షన్లు అనుకుంటే, సెక్షన్‌కు 10 మందితో ఒక టీమ్ కడితే 400 మంది ఆడతారు. అంటే 25 శాతం, చిన్న బడి కన్నా ఎక్కువే. స్కూలు పెద్దదైతే టీమ్‌లు కూడా పెరగాలి. అందుకే పేరెంట్స్ మీటింగ్‌లో "స్కూలుకు ఎన్ని కప్పులొచ్చాయి?" అని అడగడంతో ఆగకండి. "మా పాప సెక్షన్‌కు టీమ్ ఉందా? వారంలో ఎన్ని పీరియడ్లు గ్రౌండ్‌లో ఉంటుంది?" అని కూడా అడగండి. ముఖ్యంగా తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు అడగాలి. చదువు పేరుతో ముందుగా ఎగిరిపోయేది ఆటల పీరియడే.

ఒక జాగ్రత్త

మన పోటీలు వయసు మీద నడుస్తాయి కాబట్టి జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డు మూడింటిలో పుట్టినతేదీ ఒకటేనా అని ఇప్పుడే చూసుకోండి. ఎంపికల రోజు తేడా కనిపిస్తే ఎంత బాగా ఆడే బిడ్డయినా వెనక్కి రావాల్సిందే. చిన్న విభాగంలో ఆడించాలని తేదీ మార్పించే ఆలోచన మాత్రం వద్దు. అది ఇంకో బిడ్డ చోటు లాక్కోవడం. పైగా రేపు పదో తరగతి మెమో దగ్గర మన బిడ్డకే చిక్కు.

ఇంట్లో చేయించండి

1. 240 మంది ఉన్న బడిలో 12 మందితో కబడ్డీ టీమ్ కడితే ఎంత శాతం మందికి చోటు?

2. అదే బడిలో 6 సెక్షన్లకు 12 మంది చొప్పున టీమ్‌లు కడితే ఎంత శాతం?

3. ఒకే వయసు విభాగంలో జనవరిలో పుట్టిన బాబు, అదే సంవత్సరం డిసెంబర్‌లో పుట్టిన బాబు ఆడుతున్నారు. ఇది సమానమైన పోటీయేనా? దీనికి ఒకే జవాబు లేదు. పిల్లలు ఏమంటారో వినండి.

(జవాబులు: 1. 5 శాతం, 2. 30 శాతం)