గ్రీన్ బేకి వెళ్ళిన మొనగాడు

చి. సాకేత్‌కు మావయ్య ఆశీస్సులు.

చర్చాపోటీ కోసం నువ్వు రాసుకున్న వాదన చదివాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒప్పందం ముగిసి ఫ్రీ ఏజెంట్‌గా జట్టు మారినవాళ్ళలో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపింది టామ్ బ్రేడీ అని తేల్చావు. 2020 మార్చిలో టాంపా బేలో చేరాడు, 2021 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించాడు, అంతకు ముందు సీజన్‌లో ఆ జట్టు 7 గెలిచి 9 ఓడింది, ఇంకేం కావాలని అడిగావు. నీ వివరాలన్నీ సరైనవే. చిక్కల్లా కొలిచే పద్ధతిలోనే ఉంది. ట్రోఫీ వచ్చిందా రాలేదా అన్నది ఫలితం. ప్రభావం తెలియాలంటే, ఆ సంతకమే పడకపోయి ఉంటే ఏమేమి జరక్కుండా పోయేవో ఆలోచించాలి. అలా చూస్తే నా దృష్టిలో మొదటి స్థానం 1993 ఏప్రిల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్‌లో చేరిన రెజ్జీ వైట్‌ది.

ముందు ఆ రోజుల పరిస్థితి తెలియాలి. మన ఐపీఎల్ వేలంలో జట్టే ఆటగాణ్ణి ఎంచుకుంటుంది. సుత్తి పడ్డాక ఎవరు కొంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దశాబ్దాల పాటు ఆటగాడి గతి అంతకంటే అన్యాయంగా ఉండేది. కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరు తీసుకుంటే వాళ్ళకు కట్టుబడాలి, ఒప్పందం ముగిసినా ఆ ముడి వీడేది కాదు. ఎవరైనా జట్టు మారితే కొత్త జట్టు పాత జట్టుకు నష్టపరిహారంగా ఆటగాళ్ళనో డ్రాఫ్ట్ హక్కులనో ఇవ్వాలని, అదెంతో కమిషనర్ నిర్ణయించాలని 1960లలోనే ఒక నియమం పెట్టారు. దాంతో ఎవరూ బయటి ఆటగాడి జోలికి పోయేవారు కాదు. 1989లో ప్లాన్ బి అని ఒకటి తెచ్చారు. దాని ప్రకారం ఒక్కో జట్టు 37 మందిని తన దగ్గరే కట్టిపెట్టుకోవచ్చు. స్వేచ్ఛ మిగిలింది ఆ 37 మందిలో లేనివాళ్ళకే. అంటే ఎవరికి గిరాకీ ఉందో వాళ్ళకే తలుపు మూశారు. 1992 సెప్టెంబరులో మినియాపోలిస్‌లో ఫ్రీమన్ మెక్‌నీల్ అనే ఆటగాడి కేసులో జ్యూరీ ఆ పద్ధతి చెల్లదని చెప్పింది. ఆ వెంటనే ఆటగాళ్ళందరి తరఫున మరో దావా పడింది. దానికి పేరిచ్చి ముందు నిలబడ్డవాడు రెజ్జీ వైట్. 1993లో రాజీ కుదిరి అసలైన ఫ్రీ ఏజెన్సీ వచ్చింది. ఆ హక్కు కోసం కోర్టుకెక్కినవాడే దాన్ని వాడుకున్న తొలి మహా తార కూడా అయ్యాడు.

ఇప్పుడు గ్రీన్ బే సంగతి. జనాభా లక్షకు అటూ ఇటూ ఉండే ఊరు, లీగ్‌లో అన్నిటికంటే చిన్నది. చలి భయంకరం. ఆ జట్టుకు కోటీశ్వరుడైన యజమాని లేడు. మామూలు జనం వాటాదారులు. నల్లజాతి వాళ్ళు ఆ ఊళ్ళో బహు తక్కువ. మాట వినకపోతే గ్రీన్ బేకి పంపేస్తామని ఇతర జట్లలో బెదిరించేవారని అప్పటి ఆటగాళ్ళు చెప్పుకునేవారు. 1968 నుంచి 1992 దాకా పాతికేళ్ళలో ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది రెండే రెండుసార్లు. ఆటగాళ్ళకు స్వేచ్ఛ ఇస్తే ఇలాంటి ఊళ్ళు ఖాళీ అయిపోతాయని, మంచివాళ్ళంతా పెద్ద నగరాలకు ఎగిరిపోతారని యజమానుల పక్షం వాదించేది. ఆ భయం నిజమో కాదో తేలాల్సిన మొదటి వేసవిలోనే లీగ్ అంతా వెంటపడ్డ ఆటగాడు వెళ్ళి వెళ్ళి గ్రీన్ బేలోనే నాలుగేళ్ళకు 1 కోటి 70 లక్షల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఫిలడెల్ఫియాలో 121 ఆటల్లో 124 శాక్‌లు చేసి వచ్చినవాడు. శాక్ అంటే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతణ్ణి నేలకూల్చడమని నీకు తెలుసు. ఆటకొకటి చొప్పున ఎనిమిదేళ్ళు చేయడం ఎంత మాటో కూడా తెలుసు.

మైదానంలో అతనేం చేశాడో కాస్త దగ్గరగా చూడు. దాదాపు 300 పౌండ్ల మనిషి బయటి వైపు నుంచి దూసుకొచ్చేవాడు. అడ్డుకునేవాడు ఆ వైపు ఒరగగానే లోపలి మోచేతిని అతని చంకకిందికి పోనిచ్చి, ఒంటి చేత్తో లేపి పక్కకు విసిరేవాడు. 1997 జనవరి 26న న్యూ ఆర్లీన్స్‌లో న్యూ ఇంగ్లండ్‌తో సూపర్ బౌల్. మూడో క్వార్టర్‌లో ప్రత్యర్థి 27-21 దాకా వచ్చేసింది. గ్రీన్ బే ఆటగాడు డెస్మండ్ హోవర్డ్ కిక్‌ఆఫ్‌ను అందుకుని 99 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, స్కోరు 35-21 అయింది. బంతి మళ్ళీ న్యూ ఇంగ్లండ్ చేతికి రాగానే వైట్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోను వరసగా రెండుసార్లు పడగొట్టాడు. ఆట మొత్తంలో మూడు. ఆ తర్వాత ఎవరూ పాయింట్లు చేయలేదు. ఆ సీజన్‌లో గ్రీన్ బే ఇచ్చిన పాయింట్లు 210, లీగ్ మొత్తంలో అతి తక్కువ. వైట్ ఆడిన ఆరేళ్ళూ జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది.

దీనికి నీ ప్రత్యర్థులు రెండు అభ్యంతరాలు లేవదీస్తారు. మొదటిది, ఇదంతా బ్రెట్ ఫార్వ్ ఘనత అని. నిజమే, 1995 నుంచి వరసగా మూడేళ్ళు లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన క్వార్టర్‌బ్యాక్ లేకుండా ఆ కప్పు రాదు. అతనూ, కోచ్ మైక్ హోమ్‌గ్రెన్ కూడా 1992లోనే వచ్చారు. కానీ అదే సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన హోవర్డ్, వైట్ పక్కన ఆడిన షాన్ జోన్స్, శాంటానా డాట్సన్ ఎలా వచ్చారు? ముగ్గురూ ఫ్రీ ఏజెంట్లే, ముగ్గురూ వైట్‌లాగే నల్లజాతివాళ్ళే, ముగ్గురూ వైట్ తర్వాత వచ్చినవాళ్ళే. ఒకప్పుడు శిక్షగా చెప్పుకున్న ఊరికి వాళ్ళు తమంత తాము వచ్చారు. వైట్ ముందు వెళ్ళి ఉండటం వాళ్ళ నిర్ణయాన్ని తేలిక చేసిందనే నేను నమ్ముతాను. రెండోది, డబ్బు కోసం వెళ్ళాడు, అంతకంటే ఏముందని. డబ్బు కోసమే అనుకుందాం. అప్పుడు నా వాదన ఇంకా బలపడుతుంది. యజమాని లేని చిన్న ఊరు పెద్ద నగరాలతో పోటీపడి ఆ సొమ్ము పెట్టగలిగింది. టీవీ రాబడిని జట్లు పంచుకోవడం, 1994 నుంచి జీతాలకు 3 కోట్ల 46 లక్షల డాలర్ల పరిమితి పెట్టడం ఆ సమతూకాన్ని నిలబెట్టాయి. నియమాలు చేసిన పని నియమాలదే, కాదనను. కానీ ఆటగాళ్ళు నియమావళి చదివి ఊళ్ళు మారరు, తోటి ఆటగాణ్ణి చూసి మారతారు.

నిజంగా నన్ను ఆలోచనలో పడేసేది బ్రేడీ కాదు, డ్రూ బ్రీస్. 2005 ఆఖరి ఆటలో భుజం కీలు చిరిగింది. శాన్ డియేగో అతణ్ణి వదిలేసుకోవడానికి సిద్ధపడింది, ఎందుకంటే ఫిలిప్ రివర్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్ అప్పటికే చేతిలో ఉన్నాడు. మయామీ వైద్యులు ఆ భుజాన్ని నమ్మలేదు. న్యూ ఆర్లీన్స్ నమ్మింది. 2006 మార్చిలో ఆరేళ్ళకు 6 కోట్ల డాలర్లు ఇస్తానంది. కత్రినా తుపాను తర్వాత సొంత స్టేడియం లేక ఊరూరా తిరిగి 13 ఆటలు ఓడిన జట్టు అది. ఊరే వదిలిపోతుందని జనం బెంగపడ్డారు. పుట్టి 39 సీజన్లయినా ప్లేఆఫ్స్‌లో ఒక్కటంటే ఒక్క గెలుపు ఉన్న జట్టు బ్రీస్ వచ్చిన మొదటి ఏడాదే కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. 2010 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌ను 31-17తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. అతను అక్కడే పదిహేను సీజన్లు ఆడాడు. ఒక్క జట్టుకు, ఒక్క ఊరికి జరిగిన మేలు వరకే ప్రశ్న అయితే బ్రీస్‌దే పైచేయి. వైట్‌ను పక్కన పెట్టేస్తాను. అయితే బ్రీస్ సంతకం పెట్టేనాటికి ఆటగాడు ఇష్టమైన చోటికి వెళ్ళడం పదమూడేళ్ళుగా మామూలైపోయింది. అతని వల్ల న్యూ ఆర్లీన్స్ మారింది. వైట్ వల్ల మిగతా ఆటగాళ్ళ లెక్కలు మారాయి.

పేటన్ మానింగ్ పేరు ఎవరైనా ఎత్తితే ఎక్కువ సేపు ఆగకు. డెన్వర్‌లో 2013లో 55 టచ్‌డౌన్ పాసులు విసిరి రికార్డు సృష్టించాడు, ఆ సీజన్ ఫైనల్లో 43-8తో ఓడిపోయాడు. కప్పు గెలిచిన 2015 సీజన్‌లో విసిరినవి 9 టచ్‌డౌన్లు, ప్రత్యర్థులకు పోగొట్టుకున్న పాసులు 17. ఆ కప్పు రక్షణ దళం తెచ్చింది.

నీ పక్షం మార్చుకోమని నేననను. బ్రేడీ తరఫునే నిలబడదలిస్తే నిలబడు. కానీ 2021 సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీని ఒక్క టచ్‌డౌన్ కూడా చేయనివ్వకుండా 9 పాయింట్లకు కట్టేసింది టాంపా బే రక్షణ దళం. అటు క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ఇద్దరు అసలు టాకిళ్ళు గాయాలతో లేరు. అందులో బ్రేడీ వాటా ఎంతని ఎదుటివాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఆ జవాబు ముందే రాసుకుని నాకు పంపు.

ఆశీస్సులతో,
మావయ్య