ఇంటి కంప్యూటరులో మొండి వైరసు

వైరసు అనగానే మన జీవశాస్త్ర మిత్రులు సూక్ష్మదర్శిని వైపు చూస్తారు. నేను వ్రాయబోయే వైరసుకు ప్రాణం లేదు. కాని మా యింటిల్లిపాది ప్రాణాలను మూడు దినాలు తోడేసింది.

సంక్రాంతి సెలవులకు సోమలలో మా యింటికి పోయినాను. మా నాయన టమోటా పండిస్తాడు. మదనపల్లె మార్కెట్టుకు ఏ దినం ఎన్ని క్రేట్లు పోయినవి, ఏ ధర పలికింది, కమీషనెంత, బాడుగ ఎంత అన్న ఆరేండ్ల లెక్కలన్నీ మా అన్న కంప్యూటరులో ఎక్కించి పెట్టినాడు. ఆ లెక్కలకు వేరే ప్రతి లేదు. పైగా ఒక మండీ నుంచి రావలసిన బాకీ గురించి అప్పుడే మాటామాటా నడుస్తున్నది.

ఆ సాయంత్రం అన్న కేక పెట్టినాడు: "ఒరేయ్, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయినాయి! ఏం చేసినావురా?"

చేసింది నేనే. పుంగనూరులో ఒక జిరాక్సు అంగట్లో ప్రింటు తీయించుకున్న పెన్‌డ్రైవును ముందువెనుకలు చూడకుండా దూర్చినాను.

ఇటువంటి తెగులు కొత్తది కాదు. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు వ్రాసిన 'బ్రెయిన్' అనే వైరసు ఫ్లాపీల మీద ఎక్కి దేశాలు తిరిగింది. ఆనాటి ఫ్లాపీ స్థానంలో ఇప్పుడు పెన్‌డ్రైవు వచ్చింది, అంతే భేదం. 2008లో బయలుదేరిన 'కాన్‌ఫికర్' అనే పురుగు పెన్‌డ్రైవు పెట్టగానే దానంతటదే నడిచే 'ఆటోరన్' సదుపాయాన్ని కూడా వాడుకున్నది. తరువాత మైక్రోసాఫ్టువారు పెన్‌డ్రైవులకు ఆ సదుపాయం తీసేశారు. అప్పుడు ఈ పురుగులు వ్రాసేవాళ్లు మన చేతనే నొక్కించే ఉపాయం పట్టినారు. అసలు ఫోల్డరును దాచేసి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్టు పెడతారు. మనం నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, దొంగ కూడా లోపలికి వస్తాడు. ఏమీ జరగనట్టే ఉంటుంది.

మొదటి దినం నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. షార్ట్‌కట్లన్నీ చెరిపేసి, గెలిచినాననుకొని అన్నం తిన్నాను. వచ్చి చూస్తే అన్నీ మళ్లీ ఉన్నాయి! మరునాడు ఉదయం ఊళ్లో తెలిసినాయన ఒకరు చూసి, "ఫార్మాటు కొట్టేద్దాం, గంట పని" అన్నాడు. నాయన ఒకే మాట అన్నాడు: "లెక్కలు పోతే ఇంక మండీవాడు చెప్పిందే లెక్కప్పా."

అప్పుడు కుదురుగా కూర్చుని ఆలోచించినాను. చెరిపినది తిరిగి వస్తున్నదంటే, వ్రాసేవాడు ఒకడు ఇంకా నడుస్తూ ఉండాలి. టాస్క్ మేనేజరులో చూస్తే విండోస్ స్క్రిప్టును నడిపించే కార్యక్రమం ఊరికే తిరుగుతున్నది. అది యంత్రం మొదలైనప్పుడల్లా లేచేటట్టు రిజిస్ట్రీలోని 'రన్' అనే చోట ఒక పద్దు, స్టార్టప్ ఫోల్డరులో ఒక నకలు పెట్టుకున్నది. ఒకటి తీస్తే రెండవది మొదటిదాన్ని మళ్లీ నాటుతుంది. గరిక వేరు ఒక్కటి మిగిలినా చేనంతా అల్లుకున్నట్టు! దీని మొండితనమంతా ఇదే, మాయ ఏమీ లేదు.

అందుచేత వరుస ముఖ్యం. ముందు ఇంటర్నెట్టు తీసేసినాను. పెన్‌డ్రైవులన్నీ పీకేసినాను. కంప్యూటరును 'సేఫ్ మోడ్'లో లేపినాను. ఆ రీతిలో రన్ పద్దులు మామూలుగా నడవవు కాబట్టి దొంగ నిద్రలో ఉంటాడు. అప్పుడు పద్దును, నకలును, అసలు స్క్రిప్టును ఒకే ఊపులో తీసివేసినాను. షెడ్యూలు చేసిన పనుల జాబితా కూడా వెదకినాను, కొన్ని పురుగులు అక్కడ కూడా దాక్కుంటాయి. ఆపైన డిఫెండరు ఆఫ్‌లైన్ పరీక్ష పెట్టినాను. ఇది విండోస్ లేవకముందే డిస్కును గాలిస్తుంది.

ఇక దాగిన ఫోల్డర్లు. అవి ఎక్కడికీ పోలేదు. 'హిడెన్', 'సిస్టమ్' అనే రెండు గుర్తులు తగిలించి కంటికి కనపడకుండా చేసింది, అంతే. కమాండు గవాక్షంలో 'ఆట్రిబ్' ఆదేశానికి మైనస్ హెచ్, మైనస్ ఎస్ చేర్చి కొట్టగానే ఆరేండ్ల టమోటా లెక్కలూ వరుసగా ప్రత్యక్షమైనవి. అన్న ఏమీ మాట్లాడలేదు, వీపు మీద ఒకటి వేసినాడు.

మూడవ దినం పెన్‌డ్రైవులన్నీ ఒక్కొక్కటిగా శుభ్రం చేయడానికే సరిపోయింది. ఇది వదిలేస్తే పడిన శ్రమంతా వృథా. బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు ఆ కంప్యూటరులో కాకుండా ఫోనులో మార్చినాము.

ఫార్మాటు అన్నాయన మాట పూర్తిగా తప్పని నేననను. విండోస్ సొంత ఫైళ్లే చెడినప్పుడు, పరాయివాడు దూరాన్నుంచి యంత్రాన్ని నడిపించినాడన్న అనుమానం ఉన్నప్పుడు, లెక్కలను వేరేచోట భద్రపరచుకొని అంతా తుడిచి కొత్తగా వేసుకోవడమే మేలు. ఫైళ్లను తాళం వేసి డబ్బడిగే జాతి మరీ కఠినం. 2017 మే నెలలో 'వానాక్రై' లోకమంతా తిరిగినప్పుడు మన చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని వాత పడినవి. అటువంటిదాన్ని తొలగించినంత మాత్రాన తాళం ఊడదు, ముందే వేరుగా దాచిన ప్రతి ఉండాలి.

మా లెక్కలకు ఇప్పుడు రెండు ప్రతులున్నాయి. ఒకటి బీరువాలో ఉంటుంది. నాయన మాత్రం ఆనాటి నుంచి నల్ల అట్ట నోటుపుస్తకంలో కూడా వ్రాసుకుంటున్నాడు. అన్నకు అది నచ్చలేదు.