తెరను చదివి వినిపించే గొంతు

స్వతంత్ర భారతం తొలి సంవత్సరాలలో సాధించిన సమైక్యతలలో అంతగా ప్రచారంలోకి రానిది ఒకటి ఉన్నది. అంతకుపూర్వం మన దేశంలోని అంధులు పలు విధాలైన బ్రెయిలీ పద్ధతులను అనుసరించేవారు. ఒక ప్రాంతంలో తయారైన పుస్తకం మరొక ప్రాంతంలోని పాఠకుల వేళ్ళకు అందేది కాదు. 1951లో భారతీ బ్రెయిలీ ఆమోదం పొందడంతో ఈ చిక్కు చాలవరకు తీరింది. తెలుగు ‘క’, హిందీ ‘క’, బెంగాలీ ‘క’ ఒకే చుక్కల అమరికను పొందాయి.

ఆనాడు వేళ్ళకు లభించిన ఆ సౌకర్యం ఈనాడు చెవులకు కూడా లభించవలసి ఉన్నది. ఎందుకనగా పాఠాలు, దరఖాస్తులు, పరీక్షా ఫలితాలు క్రమక్రమంగా కంప్యూటర్ తెర మీదికి చేరుకున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం గలవారు 50 లక్షలకు పైబడి ఉన్నారు. తెర మీది అక్షరం మాట్లాడకపోతే, వీరిలో చదువుకోగోరే వారికి ఆ అక్షరం లేనట్లే.

రెండు సాధనాలు

తెరను వినిపించే పనిలో రెండు సాధనాలు పాల్గొంటాయి. మొదటిది స్క్రీన్ రీడర్. తెర మీద ఏమున్నదో, ఏది శీర్షికో, ఏది మీటో, పాఠకుడు ఏ పంక్తిలో ఉన్నాడో ఇది గ్రహిస్తుంది. వాటిలో ఏది చెప్పాలో నిర్ణయిస్తుంది. రెండవది స్పీచ్ సింథసైజర్. మొదటిది అందించిన వాక్యాన్ని ఇది ధ్వనిగా మారుస్తుంది. ఒకటి ఆలోచన, మరొకటి గొంతు అనవచ్చు. ఆలోచన ఎంత చురుకైనదైనా, గొంతుకు తెలుగు రాకపోతే తెలుగు విద్యార్థికి ప్రయోజనం లేదు.

అందరికీ తెరచిన తలుపు

సాఫ్ట్‌వేర్ మూలరచనను ఎవరైనా చదవడానికి, సవరించడానికి, పంచుకోవడానికి వీలు కల్పించే విధానాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఈ రంగంలో ఒక భారతీయుని కృషి ప్రత్యేకంగా పేర్కొనదగినది. పుణేలో పుట్టిన టి.వి. రామన్ పద్నాలుగవ ఏట గ్లకోమా వల్ల చూపు కోల్పోయారు. అయినా పుణేలో గణితశాస్త్రం, బొంబాయి ఐఐటీలో కంప్యూటర్ శాస్త్రం అభ్యసించి, 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. గణిత సమీకరణాలను వినికిడికి అనువుగా చదివించడమే ఆయన పరిశోధనాంశం. 1995లో ఆయన ఈమ్యాక్‌స్పీక్ అనే సాధనాన్ని రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చారు.

లైనక్స్ కంప్యూటర్లలోని గ్నోమ్ పరిసరంతో 2006 నుంచి ఓర్కా అనే స్క్రీన్ రీడర్ కలిసి వస్తున్నది. సూపర్, ఆల్ట్, ఎస్ మీటలను ఒకేసారి నొక్కితే అది మాట్లాడడం ప్రారంభిస్తుంది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే అంధ యువకుడు ఎన్‌వీడీఏకు శ్రీకారం చుట్టాడు. అది పనిచేసే విండోస్ ఓపెన్ సోర్స్ కాకపోయినా, అది మాత్రం ఓపెన్ సోర్స్ సాధనమే.

ఈ రెండింటికీ గొంతునిచ్చే వాటిలో ముఖ్యమైనది ఈస్పీక్. జోనాథన్ డడింగ్టన్ 1995లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం దీని తొలి రూపాన్ని రచించారు. నేడు ఈస్పీక్ ఎన్‌జీ పేరుతో కొనసాగుతూ, తెలుగుతో సహా నూరుకు పైగా భాషలను పలుకుతున్నది. ఇది రికార్డు చేసిన మానవ స్వరం కాదు. స్వరపు అనునాదాలను లెక్కగట్టి కల్పించిన ధ్వని. కనుక కొంత యాంత్రికంగా వినిపిస్తుంది. కాని పరిమాణంలో మిక్కిలి చిన్నది, పాత కంప్యూటర్‌లో కూడా చురుకుగా పనిచేస్తుంది. వేగం పెంచినా మాట చెదరదు కనుక, అలవాటుపడిన పాఠకులు దీనిని ఇష్టపడతారు.

ఒకే అక్షరం, రెండు ధ్వనులు

భారతీయ లిపుల కూర్పు ఒక్కటే అయినా ఉచ్చారణ ఒక్కటి కాదు. ‘రామ’ అని రాసి హిందీవారు చివరి అకారాన్ని విడిచి పలుకుతారు. తెలుగువారు నిండుగా పలుకుతారు. తమిళంలో క, గ ధ్వనులకు ఒకే అక్షరం. మన తెలుగులోనే ‘చలి’, ‘చాప’ అనునప్పుడు చకారం దంత్యం. ‘చంద్రుడు’, ‘చరిత్ర’ అనునప్పుడు తాలవ్యం. రాతలో ఈ భేదం కనిపించదు. చెప్పనిదే యంత్రానికి తెలియదు.

ఈస్పీక్‌లో ప్రతి భాషకూ ఉచ్చారణ నియమాలు ఒక ఫైలులోను, నియమాలకు లొంగని పదాలు మరొక ఫైలులోను సామాన్య పాఠంగా ఉంటాయి. వాటిని సవరించడానికి ప్రోగ్రామింగ్ పాండిత్యంకంటె భాషాజ్ఞానమే ఎక్కువ అవసరం. ఒక తెలుగు ఉపాధ్యాయుడు సూచించిన సవరణ ఆమోదం పొందితే, తరువాతి విడుదలలో అది ఎక్కడెక్కడి తెలుగు శ్రోతలకూ అందుతుంది. మూలరచన మూసి ఉన్న సాధనంలో తప్పును గుర్తించిన వాడు ఫిర్యాదు చేయగలడు. తెరచి ఉన్న సాధనంలో తానే దిద్దగలడు.

గ్రంథాలయాల కర్తవ్యం

అయితే గొంతు ఉన్నంత మాత్రాన సరిపోదు, చదవదగిన పాఠం ఉండాలి. యూనికోడ్‌లో రాసిన తెలుగును స్క్రీన్ రీడర్ తెలుగుగా గుర్తిస్తుంది. పాత ముద్రణా ఫాంట్లలో కంటికి తెలుగు కనిపించినా, లోపల నిలువ ఉండేవి రోమన్ అక్షరాలు, చిహ్నాలు. కనుక చెవికి అర్థరహిత ధ్వనులే అందుతాయి. పుస్తకపు పుటలను కేవలం ఫొటోలుగా భద్రపరిస్తే మౌనమే మిగులుతుంది.

చట్టం ఇందుకు అనుకూలంగానే ఉన్నది. వికలాంగులు చదవగల రూపంలోకి పుస్తకాలను లాభాపేక్ష లేకుండా మార్చడానికి 2012 నాటి కాపీరైటు సవరణ అవకాశం కల్పించింది. అదే ఆశయంతో 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్న ముందుగా ధ్రువీకరించిన దేశం మనదే.

కావున ప్రతి పాఠశాల, కళాశాల గ్రంథాలయం ఒక కంప్యూటర్‌లో ఓర్కానో, ఎన్‌వీడీఏనో అమర్చి, ఒక జత ఇయర్‌ఫోన్లు ఉంచి, పాఠాలను యూనికోడ్‌లో సిద్ధం చేయడం కష్టసాధ్యం కాదు. సాధనానికి చెల్లించవలసిన మూల్యం లేదు. వెచ్చించవలసింది శ్రద్ధ మాత్రమే. తోటి విద్యార్థి పాఠం చదివిపెట్టే తీరిక కోసం ఎదురుచూడకుండా, అంధ విద్యార్థి తనకు కావలసిన పుటను, తనకు కావలసిన వేళ, తన భాషలోనే వినగలిగిన నాడు ఆ గ్రంథాలయం అందరిదీ అవుతుంది.