ఈత నేర్పే ధైర్యం

మహబూబ్‌నగర్ మెట్ట పల్లెల్లో ఒకప్పుడు దిగుడుబావియే ఈతబడి. ఎండిన సొరకాయ బుర్రలనో, బెండ్లనో నడుముకు కట్టి పెద్దలు పిల్లవానిని నీటిలోకి దింపేవారు. తొలిరోజు వాడు మెట్టును వదిలేవాడు కాడు. ఊపిరిని నిదానంగా విడవడం అలవడి, బెదురు తగ్గినకొద్దీ ఒక్కొక్క బెండును తీసివేసేవారు. చివరకు ఏ ఆధారమూ లేకుండా దరి చేరినప్పుడు వానికి కలిగే నమ్మకం పొగడ్తలతో వచ్చేది కాదు. ‘చేయగలను’ అనే విశ్వాసానికి స్వయంగా సాధించిన అనుభవమే అన్నింటికన్నా బలమైన ఆధారమని మనోవిజ్ఞానవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో ప్రతిపాదించారు. అయితే భయపడుతున్న బిడ్డను హఠాత్తుగా నీటిలోకి తోయడం శిక్షణ కాదు. అది భయాన్నే పెంచుతుంది.

బోరుబావుల వల్ల దిగుడుబావులు ఎండిన ఊళ్లలో ఆ బడి మూతపడింది. ఆడపిల్లలకైతే అది పెద్దగా తెరచుకోనేలేదు. బడి వయసు పిల్లలకు ఈతను, నీటి భద్రతను నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.